నలభై ఒకటో నంబరు పురుగు

మ్యూజియం, మెట్ల కింద గది
మార్చి 6

చిన్నదానా,

నువ్వడిగిన పెట్టె పంపుతున్నాను. అరవై మూడు కొమ్ము పురుగులు. ఒక్కో సూదికీ పాత చీటీ, దాని కింద నా నంబరు చీటీ ఉన్నాయి. మూత తియ్యగానే కలరా ఉండల వాసన కొడుతుంది, ముక్కు మూసుకోకు. నీ పుస్తకాలన్నిటికంటే ముందు నీకు అబ్బిన వాసన అది. ఉత్తరం ఎప్పట్లాగే మూత లోపలివైపు గుచ్చాను. "ఫోన్లో ఒక ముక్క కొడితే పోయేదానికి ఈ కాగితాలేమిటమ్మా" అన్నాడు మా డైరెక్టరు నిన్న. పురుగుల పెట్టెలో ఉత్తరం జోలికి ఎవరూ రారు సార్, ఇంతకంటే భద్రమైన తపాలా లేదు అన్నాను. నవ్వలేదు. పదిహేనేళ్ళ పైనుంచి ఆయనకి పురుగులు సర్దిపెడుతున్నాను, ఒక్కసారీ నవ్వలేదు.

చీటీలు చూస్తావుగా. అన్నింటి మీదా "సేకరించినవారు: అటవీ అధికారి" అని ఒకటే ముద్ర. ఆ అధికారి ఈ అరవై మూడింటిలో ఒక్కదాన్ని కూడా చేత్తో పట్టుకోలేదు. కుర్చీ దిగితే కదా. చెట్లెక్కింది కూలీలు. పుచ్చిన మొద్దులు గొడ్డలితో చీల్చి ఏరింది వాళ్ళ ఆడవాళ్ళు. ఎండి బిగుసుకుపోయి వచ్చినవాటిని ఆవిరి పెట్టెలో మెత్తబరిచి, కాళ్ళు విడదీసి, మీసాలు సర్ది, సూది గుచ్చింది నేను. చీటీ మీద మాత్రం ఆయన. ఇప్పుడు నువ్వు జాతులు తేల్చి పేర్లు పెడతావు, పేరు పక్కన నీ పేరు వేసుకుంటావు. తప్పని అనడం లేదు. మధ్యలో ఎవరున్నారో గుర్తుంచుకో అంటున్నాను.

పోయిన ఉత్తరంలో, నీ దగ్గర బొమ్మలు గీసే ఆకుపచ్చ కళ్ళజోడు అమ్మాయి గురించి పదకొండు వాక్యాలు రాశావు. లెక్కపెట్టాను. ఆమె గీత వెంట్రుకలా ఉంటుందిట, ఆమె కన్ను డేగ కన్నుట. నా గురించి ఒకటి రాశావు, "నువ్వెలా ఉన్నావు" అని.

బాగానే ఉన్నాను.

అక్క


విశ్వవిద్యాలయం, నాలుగో అంతస్తు
మార్చి 29

అక్కా,

పెట్టె చేరింది. ఒక్క కాలూ విరగలేదు. వేరే మ్యూజియాల పెట్టెలు తెరిస్తే అడుగున కాళ్ళ కుప్ప ఉంటుంది. నీది తెరిస్తే ఎవరో "నిలబడండి" అని కేకేసినట్టు అన్నీ వరసగా నిలబడి ఉంటాయి. ఇది నీ గురించి రెండో వాక్యం, లెక్కలో వేసుకో.

ఇక పని సంగతి. ఈ గుంపులో తొమ్మిది జాతులున్నాయని పాత పుస్తకం చెబుతుంది. ఆ రాసినాయన మగ పురుగు దవడ పొడవు చూసి పేరు పెట్టుకుంటూ పోయాడు. పొడవు దవడ ఒక జాతి, పొట్టి దవడ ఇంకో జాతి. మొద్దులో తిండి బాగా దొరికిన పిల్ల పెద్ద దవడలతో వస్తుందనీ, దొరకనిది బుల్లి దవడలతో వస్తుందనీ, రెండూ ఒక తల్లి పిల్లలేననీ నువ్వు నాకు ఎప్పుడో చెప్పావు. అందుకని పొడవుని పక్కన పెట్టేశాను. దవడ మీద పళ్ళు ఎక్కడ మొదలవుతున్నాయి, కంటికి అడ్డంగా వచ్చే గట్టు ఎంతవరకు ఉంది, ముంగాలికి ముళ్ళెన్ని, మగ అవయవం ఆకారం ఏమిటి, ఇవే చూశాను. తొమ్మిది కాస్తా ఐదయ్యాయి. చిన్న గోధుమరంగు పురుగులు మూడు ఎందులోనూ ఇమడలేదు. అది ఆరోది, కొత్త జాతి. బొమ్మ గీస్తూ కళ్ళజోడే కనిపెట్టింది. కోపం తెచ్చుకోకు, నిజంగా తనే.

అసలు సంగతి నీ నలభై ఒకటో నంబరు. ఒళ్ళు చూస్తే నున్నటి వీపు డిప్పల జాతి. తల చూస్తే గుంటల డిప్పల జాతి తల, అదే గట్టు, అవే పళ్ళు. నున్న డిప్పలకీ గుంటల డిప్పలకీ మధ్య బంధుత్వం ఉందని నేను ఆరేళ్ళుగా అంటున్నాను, ఎవరూ నమ్మలేదు. ఇది ఆ రెండింటి మధ్యా నిలబడ్డ ఏడో జాతి. ఒక్కటే ఉంది కాబట్టి ఆవిరి పెట్టెలో పెట్టే ధైర్యం చెయ్యలేదు. వెనకవైపు మాత్రం బొట్టు నీళ్ళు వేసి అవయవం తీసి చూశాను. నున్నటి జాతి దానిలాగే ఉంది. కొంచెం ఇబ్బందే, కానీ దగ్గరి చుట్టాల్లో అలా ఉండొచ్చు.

దీని చరిత్ర నీకేమైనా తెలుసా? నలభై రెండో నంబరు పెట్టెలో ఎందుకు లేదు?

శీతాకాలంలో నా పదోన్నతి కమిటీ కూర్చుంటుంది. ఈ వ్యాసమే నాకు దిక్కు.

చెల్లి


మ్యూజియం, మెట్ల కింద గది
ఏప్రిల్ 17

చిన్నదానా,

నలభై ఒకటి గురించి నాకు ప్రత్యేకంగా తెలిసిందేమీ లేదు. అన్నింటితో పాటు వచ్చింది, అన్నింటితో పాటు గుచ్చాను. నలభై రెండుని పెంకు పురుగు తినేసింది. రిజిస్టరులో రాసే ఉంది. పాత సొరుగుల్లో ఇది మామూలే.

కళ్ళజోడు కనిపెట్టిందా. మంచిది. ఆ మూడు గోధుమ పురుగులూ ఇరవై మూడేళ్ళ కిందట నా చేతిలోకి వచ్చాయి. ఇవి మిగతావాటిలా లేవు సార్ అని అప్పటి డైరెక్టరుతో అన్నాను. "నీ పని గుచ్చడం" అన్నాడాయన. మూడే మాటలు. ఇప్పటికీ మోగుతుంటాయి. కళ్ళజోడు చెబితే కనిపెట్టడం, నేను చెబితే అధికప్రసంగం. తేడా మా కళ్ళలో లేదు, వినేవాళ్ళ చెవుల్లో ఉంది. నువ్వు సైన్సు అంటావు. మనుషుల్లో ఎవరి మాట ఏ జాతికి చెందుతుందో ముందే తేల్చేసుకున్నాక పురుగుల్ని తేల్చడానికి కూర్చునే దాన్ని నేను సైన్సు అనను.

బొమ్మలు పంపావు, చూశాను. గీత సన్నగానే ఉంది. కానీ ఐదో బొమ్మలో ఎడమ మీసం కణుపులు ఒకటి తక్కువ వేసింది. డేగకి చెప్పు.

అక్క


విశ్వవిద్యాలయం, నాలుగో అంతస్తు
జూన్ 2

అక్కా,

నువ్వు చెప్పింది నిజమే, కణుపు ఒకటి తక్కువైంది. తనకి చూపిస్తే ఎర్రబడి, "మీ అక్కగారు ఇక్కడ లేకపోవడం నా అదృష్టం" అంది. సరిచేసింది.

పోయిన నెల సదస్సులో నలభై ఒకటో నంబరు గురించి మాట్లాడాను. ఆరేళ్ళుగా నన్ను ఎగతాళి చేసిన పెద్దమనిషి మొదటి వరసలో కూర్చుని చివర్లో లేచి, ఈ ఒక్క పురుగు చాలు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. బయటికొచ్చి ముందు నీకే ఫోన్ చెయ్యాలనిపించింది. నువ్వు ఎత్తవు కదా.

ఇంకో మాట నా నోటి నుంచే వినడం మంచిది. గోధుమరంగు జాతికి కళ్ళజోడు పేరు పెడుతున్నాను. తను కనిపెట్టింది, తనకే దక్కాలి. పనిచేసినవాళ్ళ పేరు పని మీద ఉండాలన్నది నువ్వు నేర్పిందే కదా.

చెల్లి


మ్యూజియం, మెట్ల కింద గది
జూన్ 15

చిన్నదానా,

నా మాటలే నాకు తిప్పి కొట్టావు. బాగా చదువుకున్నావు.

అవును, పనిచేసినవాళ్ళ పేరు పని మీద ఉండాలి. ఇన్నేళ్ళుగా యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకున్నది దానికే. కళ్ళజోడు పేరు పెట్టు, కాదనను. కానీ ఆ మూడు పురుగుల్నీ గుచ్చిన చెయ్యి ఎవరిది? వాటిని బూజు పట్టకుండా, పెంకు పురుగుకి పోకుండా ఇన్నేళ్ళు కాపలా కాసింది ఎవరు? మీవాళ్ళు పురుగులకి ఎవరెవరి పేర్లు పెట్టారో చూస్తూనే ఉన్నాను. డబ్బిచ్చినవాడి పేరు, మంత్రి పేరు, ఎవరో ప్రొఫెసరు మూడో భార్య పేరు. ముప్పై వేల పురుగులు గుచ్చాను నేను. ముప్పై వేలు. ఒక్క ఈగకైనా, పేడపురుగుకైనా ఎవరికీ నేను తట్టలేదు.

ఇదంతా సిద్ధాంతం అనుకోకు. ఒట్టి అసూయ. మీ బావకి చదివి వినిపిస్తే, "ఇందులో సిద్ధాంతం ఎంత, కడుపుమంట ఎంత" అని అడిగాడు. బస్సులు బాగుచేసే మనిషికి కూడా తెలిసిపోయింది. రెండూ ఒకటే ఇంజను అన్నాను. ఉన్నవాళ్ళకి వస్తే ఆత్మగౌరవం, లేనివాళ్ళకి వస్తే అసూయ. ఆ పిల్ల వయసు ఎంత? ఇరవై ఎనిమిదా? ఇరవై ఎనిమిదేళ్ళకి తన పేరుతో ఒక పురుగు ప్రపంచంలో తిరుగుతుంటుంది. నేను పోయాక నా గదికి తాళం మారుస్తారు.

ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపలేదు. చదువు.

అక్క


విశ్వవిద్యాలయం, నాలుగో అంతస్తు
జూలై 8

అక్కా,

నీ కడుపుమంట చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. అచ్చయ్యాక పుస్తకం నీ బల్ల మీద పెట్టి నీ మొహం చూద్దామని మార్చి నుంచి నోరు కట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఉండనిచ్చేలా లేవు.

నలభై ఒకటికి పెట్టింది నీ పేరు.

చిన్న గోధుమ పురుగు కాదు. గుంపు మొత్తంలో ముఖ్యమైనది. రేపు ఎవరు ఈ కొమ్ము పురుగుల్ని వర్గీకరించాలన్నా నీ పేరు తియ్యకుండా ముందుకు పోలేరు. చీటీ రాసేశాను. కళ్ళజోడు దాని బొమ్మకి తొమ్మిది రోజులు తీసుకుంది, "అక్కగారు కణుపులు లెక్కపెడతారు" అని.

ఒక్క పని మిగిలింది. ఒకే ఒక నమూనా మీద జాతిని నిలబెడుతున్నాం కాబట్టి, దానికి ఎప్పుడైనా మరమ్మతు జరిగిందా అని పత్రికవాళ్ళు అడుగుతున్నారు. భద్రపరిచినవాళ్ళు రాసివ్వాలి. కాగితం జతచేశాను. "నాకు తెలిసినంతలో ఈ నమూనాను విరగ్గొట్టడం, అతికించడం జరగలేదు" అని రాసి ఉంది. కింద సంతకం పెట్టు చాలు. నేను సూక్ష్మదర్శిని కింద మూడుసార్లు చూశాను, ఎక్కడా గీత కూడా లేదు. ఇది ఒట్టి లాంఛనం.

ఆగస్టు పదిహేనులోగా పంపించు.

నీ చెల్లి


మ్యూజియం, మెట్ల కింద గది
జూలై 30

చిన్నదానా,

నీ కాగితం పద్దెనిమిది రోజులుగా నా సొరుగులో ఉంది. రెండుసార్లు పెన్ను మూత తీశాను. మొదటిసారి సంతకంలో మొదటి అక్షరం కూడా రాశాను. కనిపిస్తుంది చూడు, కొట్టెయ్యలేదు.

సంతకం పెట్టను. నలభై ఒకటో నంబరు పురుగు కాదు. నా చేతిపని.

ఇరవై మూడేళ్ళ కిందట నువ్వు ఇక్కడ సెలవుల్లో పనికి వచ్చిన మొదటి వారం. ఆ పని ఇప్పించడానికి నేను డైరెక్టరు గది బయట ఎన్ని రోజులు నిలబడ్డానో నీకు తెలుసు. ఆయన సర్టిఫికెట్ ఇస్తేనే నీకు పై చదువు సీటు. మధ్యాహ్నం నువ్వు ఒక సొరుగు జారవిడిచావు. గుర్తుందా? నీ మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఏం కాలేదు, అన్నీ బాగానే ఉన్నాయి, వెళ్ళి టీ తాగిరా అన్నాను. నువ్వు వెళ్ళావు. అన్నీ బాగా లేవు. నలభై ఒకటి తల నీ చెప్పు కింద పిండి అయిపోయింది. నలభై రెండు ఒళ్ళు సొరుగు అంచు పడి నుజ్జయింది, తల మాత్రం మిగిలింది. నువ్వు టీ తాగి వచ్చేలోపు ఆ తలని ఈ ఒంటికి అతికించాను. జిగురులో మసి కలిపాను. నలభై రెండుని పెంకు పురుగు తినేసిందని రిజిస్టరులో రాశాను. డైరెక్టరు సాయంత్రం వచ్చి సొరుగు చూసి, సరే అన్నాడు. నీకు సర్టిఫికెట్ వచ్చింది.

మార్చిలో నువ్వు రాసిన మొదటి వాక్యానికే నాకు తెలిసిపోయింది. ఎందుకు చెప్పలేదు? నిన్ను కాపాడదామని అంటే అబద్ధం. ఇరవై మూడేళ్ళ కిందటిది కాపాడటం. ఏప్రిల్లో చేసింది అసూయ. పదకొండు వాక్యాల కళ్ళజోడు, డేగ కన్నున్న కళ్ళజోడు, నా మెడ అతుకు కనిపెట్టలేకపోయింది కదా అని లోపల ఎంత చల్లగా ఉందో. పోనీ, అచ్చు కానీ, అందరిముందూ తల పడనీ, అప్పుడు తెలుస్తుంది గుచ్చే చేతులకి ఏం తెలుసో అనుకున్నాను. నీ తల కూడా పడుతుందని తెలుసు. తెలిసే అనుకున్నాను. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

తర్వాత నువ్వు దానికి నా పేరు పెట్టావు.

చాలా వాదించుకున్నాను. పనిచేసినవాళ్ళ పేరు పని మీద ఉండాలంటావుగా, మరి ఈ భూమ్మీద ఏ పురుగు మీదైనా నా పేరు ఉండాలంటే అది దీని మీదే, దీన్ని చేసింది నేనే అనుకున్నాను. మంచి వాదనే. మీటింగులో చెబితే చప్పట్లు కొడతారు. మీ బావకి చెప్పాను. "ఒక బండి ఇంజను ఇంకో బండికి బిగించి తిప్పినవి బోలెడు చూశాను, నడుస్తాయి" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. "కాగితాల్లో కొత్త బండి అని రాస్తేనే దొంగ బండి అవుతుంది" అని అన్నంలో చెయ్యి పెట్టాడు. ఆ మనిషిని ఏమీ అడక్కుండా ఉండాల్సింది.

నా మాట నమ్మక్కర్లేదు. మేం వాడే జిగురు నీళ్ళకి ఊడేదే. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు, ఊడని జిగురు వాడేవాడు తన తప్పుని తర్వాతివాళ్ళ నెత్తిన రుద్దుతాడని. చీటీలు తీసేసి, ఒక పూట ఆవిరి పెట్టెలో ఉంచు. మెడ దగ్గర చూడు.

అక్క


విశ్వవిద్యాలయం, నాలుగో అంతస్తు
ఆగస్టు 9

మెడ ఊడింది.


విశ్వవిద్యాలయం, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 21

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు, ఎందుకంటే రాసినవన్నీ తిట్లే. కొన్ని నీ దగ్గర నేర్చుకున్నవే.

నాలుగు నెలలు తెలిసి ఊరుకున్నావు. నేను సదస్సులో నిలబడి మాట్లాడేటప్పుడు నీకు తెలుసు. నేను టీ తాగుతున్నప్పుడు నువ్వు చేసినదానికి ఏం అనాలో నాకు తెలియడం లేదు. దానికి కృతజ్ఞత చెప్పబోతే ఏప్రిల్ అడ్డం వస్తుంది. ఏప్రిల్ గురించి అరవబోతే ఆ టీ అడ్డం వస్తుంది. నీతో పోట్లాట కూడా సరిగ్గా ఆడనివ్వవు.

ఆ పెద్దమనిషికి ఉత్తరం రాశాను. ఆయన తన మాట మళ్ళీ ముందుకు తీసుకున్నాడు, చాలా మర్యాదగా. వ్యాసంలో ఇప్పుడు ఆరే జాతులు. కమిటీ ఈ ఏడాదికి నన్ను పక్కన పెట్టింది.

నీకొక్కదానికే కడుపుమంట అనుకోకు. మూడుసార్లు చూశానన్నాను కదా. ఊడాక నాలుగోసారి చూశాను, ఎక్కడ అతికించావో తెలిసి చూశాను, అయినా అంచు పట్టుకోవడానికి గంట పట్టింది. చిన్నప్పుడు ఇంట్లో ఏది చిరిగినా, ఏది విరిగినా అమ్మ నీ చేతికే ఇచ్చేది. నాకు ఇచ్చేది కాదు. "నువ్వు చదువుకో" అనేది. అది గారం అనుకున్నావు నువ్వు. నా చేతులు పనికిరావని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ సొరుగు పడేసింది ఆ చేతులే.

అతుకు గురించి వ్యాసంలో ఒక పేజీ పెడుతున్నాను. ఎలా అతికింది, ఎలా బయటపడింది, మిగతా మ్యూజియాల్లో ఇలాంటివి ఎలా పరీక్షించాలి అని. అది నేను రాయలేను, నాకు జిగురు గురించి తెలియదు. నువ్వు రాయాలి. రాసినవాళ్ళ పేరు పేజీ కింద ఉంటుంది.

నలభై ఒకటి ఒళ్ళూ, నలభై రెండు తలా, మిగతావన్నీ పెట్టెలో వెనక్కి పంపుతున్నాను.

చెల్లి


మ్యూజియం, మెట్ల కింద గది
అక్టోబరు 14

చిన్నదానా,

నలభై ఒకటి ఒళ్ళు ఒక సూదికి, నలభై రెండు తల ఇంకో సూదికి గుచ్చి పక్కపక్కన పెట్టాను. రిజిస్టరులో పెంకు పురుగు వాక్యాన్ని కొట్టేసి, జరిగింది రాసి, సంతకం పెట్టాను. ఈసారి పూర్తి సంతకం. నీ చెప్పు సంగతి రాయలేదు, "సొరుగు జారింది" అని మాత్రమే రాశాను. సొరుగులు జారుతుంటాయి. డైరెక్టరు చదివి మెమో ఇచ్చాడు. వచ్చే ఏడు జీతం పెంపు ఆగుతుంది. మెమో తీసుకుంటూ, ఇన్నేళ్ళలో మీరు నా పని గురించి రాసిన మొదటి కాగితం ఇదే సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నిజంగా. ముప్పై వేలు సరిగ్గా గుచ్చితే రాని నవ్వు ఒకటి తప్పు గుచ్చితే వచ్చింది.

నువ్వడిగిన పేజీ దీనితో జతచేశాను. నాలుగు పేజీలైంది. ఒక్క వాక్యం తీసినా ఊరుకోను. అచ్చులో నా పేరు మొదటిసారి వస్తోంది, అదీ వేరే తల అతికించినదానిగా. మీ బావ ఇప్పటికే ముగ్గురు డ్రైవర్లకి చెప్పాడు.

నీ చేతుల గురించి రాసింది చదివాను. సెలవు పెట్టి రా. అతికించడం నేర్పుతాను. ఏమీ జారవిడవకుండా కూర్చోవడం ముందు నేర్పుతాను.

ఇంకొకటి ఒప్పుకోవాలి, లేకపోతే మళ్ళీ ఏప్రిల్ అవుతుంది. పెట్టె రాగానే ముందు తీసింది నలభై ఒకటిని కాదు. కళ్ళజోడు పేరు పెట్టిన ఆ మూడు గోధుమ పురుగుల్ని. అవీ అప్పట్లో నేను గుచ్చినవే, ఏమో, ఎవరికి తెలుసు అనుకున్నాను. మూడింటినీ ఆవిరి పెట్టెలో పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని ఒక పూటంతా కూర్చున్నాను. తర్వాత తీసి, మెత్తటి కుంచెతో మెడలు ఒక్కొక్కటీ తట్టి చూశాను.

ఒక్క తలా ఊడలేదు. ఆరోది ఖాయం. రాసుకో.

అక్క